పరాయి ఇంటి తాళంచెవి: రోజువారీ అద్దె ఇళ్ల నిర్వహణ చరిత్ర

సొంతదారు దగ్గర లేని ఇంటిని అతని తరఫున చూసుకుంటూ, వచ్చినవారికి రెండు మూడు రోజులకో వారానికో అద్దెకిచ్చి, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడమే రోజువారీ అద్దె ఇళ్ల నిర్వహణ. నెల అద్దెకు ఇల్లు చూపించే బ్రోకరు పని అడ్వాన్సు చేతులు మారడంతో అయిపోతుంది. ఇక్కడ అసలు పని మొదలయ్యేదే అప్పుడు. తాళంచెవి ఇవ్వాలి, దుప్పట్లు మార్చాలి, అర్ధరాత్రి గీజరు పనిచేయకపోతే ఫోన్ ఎత్తాలి, వెళ్లాక విరిగినవేమిటో లెక్క చూడాలి. హోటల్ మేనేజరు కూడా ఇవన్నీ చేయిస్తాడు. కానీ అతనికి యజమాని ఒక్కడే. ఇళ్లు చూసుకునేవాడికి ఎన్ని తలుపులుంటే అంతమంది యజమానులు.

ఈ వృత్తి ఎయిర్‌బీఎన్‌బీ వెంట వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ కంపెనీ పుట్టేనాటికే దీనికి నూరేళ్ల చరిత్ర ఉంది, వేర్లు ఇంకా లోతుకు పోతాయి. డబ్బు ఎలా పంచుకోవాలి, తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి అన్న రెండు తగాదాలే మొదటినుంచీ దీన్ని నడిపించాయి.

కట్టించినవాడు వేరు, నడిపేవాడు వేరు అన్న ఏర్పాటు తెలుగువారికి సత్రాల వల్ల పాతదే. రాజో జమీందారో వర్తకుడో యాత్రికుల దారిలో సత్రం కట్టించి, దాని ఖర్చుకు మాన్యం రాసిచ్చేవాడు. ధర్మకర్త పైన ఉండేవాడు, గుమాస్తా రోజూ నడిపేవాడు. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ బస ఎక్కడ దొరికింది, అంగళ్లు ఉన్నాయా లేవా అని రాసుకుంటూ పోయాడు. ఆ రోజుల్లో ప్రయాణం సాగడం, సాగకపోవడం ఈ వివరాల మీదే ఆధారపడి ఉండేది.

అయితే సత్రం అద్దె ఇల్లు కాదు. దాని రాబడి బసచేసినవాడి జేబులోంచి కాక మాన్యం పంటలోంచి వచ్చేది. కాబట్టి గుమాస్తా లెక్క చెప్పుకోవలసింది దాత వంశానికే గాని యాత్రికుడికి కాదు. గది బాగుందా లేదా అని అడిగే హక్కు ఉచితంగా పడుకున్నవాడికి ఎక్కడిది? తిరుమలలో ఈ పద్ధతి ఇంకో రూపం తీసుకుంది. దాతల డబ్బుతో లేచిన కాటేజీల మీద పేరు దాతది, గదులు కేటాయించి అద్దె వసూలు చేసేది దేవస్థానం, దాతకు ఏడాదిలో కొన్ని రోజులు బస ఉచితం. పేరు పుణ్యమే అయినా, సొంతదారుకు కొన్ని రోజులు విడిచి మిగతావి అద్దెకిచ్చే నేటి విల్లా ఒప్పందం ఆకారం ఇందులో కనిపిస్తుంది.

యాత్రికుడి బస నిఖార్సైన వ్యాపారంగా మారిన చోటు పూరీ. అక్కడి పండాలు ప్రాంతాలవారీగా యాత్రికులను పంచుకున్నారు. ఫలానా జిల్లా వాళ్లు ఫలానా పండా ఇంటికి అన్నది తరతరాల హక్కు, ఖాతా పుస్తకాల్లో తాతల పేర్లతో సహా ఉండేది. పండాల మనుషులు రథయాత్రకు నెలల ముందే ఊళ్లు తిరిగి జనాన్ని కూడగట్టి వెంటబెట్టుకుని వచ్చేవారు. దర్శనం, ప్రసాదం, బస అన్నీ ఆ ఒక్క చేతిమీదుగానే. వచ్చేదే ఏడాదికి కొద్ది వారాల గిరాకీ కనుక ఆ వారాల్లో గదిని ఎంత నింపగలిగితే అంత నింపేవారు.

ఎంత అన్నదానికి ఒక కొలత మిగిలింది. బెంగాల్ జైళ్ల అధికారి డాక్టర్ మూవాట్ చూసిన గది వివరాలను విలియం హంటర్ 1872లో అచ్చయిన తన ఒరిస్సా గ్రంథంలో చేర్చాడు. గది 13 అడుగుల పొడవు, 10 అడుగుల 5 అంగుళాల వెడల్పు, పక్కగోడల ఎత్తు ఆరున్నర అడుగులు. గాలి రావడానికైనా పోవడానికైనా ఒకటే గుమ్మం. ఒక రాత్రి అందులో 80 మంది పడుకున్నారని అక్కడివాళ్లు ఆయనతో చెప్పారు. లెక్క వేస్తే మనిషికి రెండు చదరపు అడుగులు కూడా రావు, అంటే కూర్చోవడానికే చాలదు. పైగా అది ఊళ్లో మెరుగైన బసల్లో ఒకటట.

ఏటా పూరీ నుంచి తిరిగి వెళ్లే జనంతో పాటు కలరా కూడా ప్రయాణం చేసేది. బెంగాల్ శానిటరీ కమిషనర్ డేవిడ్ స్మిత్ 1868లో ఈ యాత్ర పరిస్థితుల మీద నివేదిక ఇచ్చాడు. 1871లో పూరీ లాడ్జింగ్ హౌస్ చట్టం వచ్చింది. ఇక యాత్రికులకు ఇల్లు ఇవ్వాలంటే లైసెన్సు ఉండాలి, ఇంట్లో ఎంతమంది పట్టవచ్చో ఆరోగ్యాధికారి చూసి నిర్ణయించాలి, రుసుముల డబ్బు పట్టణ పారిశుద్ధ్యానికి వాడాలి. నూట యాభై ఏళ్ల తర్వాత న్యూయార్క్, బార్సిలోనా నగరాలు చేసిన చట్టాల ఎముకలన్నీ ఇందులోనే ఉన్నాయి. నమోదు, మనుషుల పరిమితి, తనిఖీ.

అంతకు నాలుగేళ్ల ముందు, 1867లో, వచ్చిన సరాయిల చట్టం ఇంకో పని చేసింది. సరాయి నడిపేవాడు మేజిస్ట్రేటు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని, భవనం శుభ్రంగా, మరమ్మతుతో ఉంచాలని అది చెప్పింది. నడిపేవాడంటే ఎవరు? యజమానితో పాటు, ఆలనాపాలనా చూసే ఎవరైనా ఆ మాట కిందికే వస్తారని చట్టం నిర్వచించింది. ఇల్లు నాది కాదు, నేను చూసుకునేవాడినే అని తప్పించుకునే దారిని 1867లోనే మూశారన్నమాట. తర్వాతి కాలంలో చాలా దేశాలు ఈ చిన్న వాక్యం రాయడానికి ఎంత తర్జనభర్జన పడ్డాయో చూస్తే, ఆ గుమాస్తా భాష రాసినవాడి తెలివి మెచ్చుకోవాలనిపిస్తుంది.

ఇంగ్లండులో కథ వేరే దారిన నడిచింది. లాంకషైర్ నూలుమిల్లుల ఊళ్లు ఏడాదికోసారి వంతులవారీగా వారంపాటు మూతపడేవి. ఆ వారం కార్మికులంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి పోయేవారు. అక్కడ గదులిచ్చే ఇల్లాళ్లు ప్రసిద్ధులు. వాళ్ల పద్ధతిలో అతిథే సరుకులు కొనుక్కొచ్చుకోవాలి, వండిపెట్టేది ఇంటావిడ. బల్లమీద ఉప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు బిల్లులో విడిగా కొన్ని పెన్నీలు కనిపించేవి. నేడు బుకింగ్ చివర ప్రత్యక్షమయ్యే క్లీనింగ్ ఫీజుకు పూర్వీకులు వెతికితే ఈ సీసాలే దొరుకుతాయి. ఇక్కడ మధ్యవర్తి ఇంకా లేడు. ఇల్లు నడిపే మనిషి ఇంట్లోనే ఉంది, గదులన్నీ ఇచ్చేసి తాను వంటింట్లో పడుకునేది.

మధ్యవర్తి కంపెనీ రూపంలో కనిపించింది నార్ఫోక్ బ్రాడ్స్ అనే జలమార్గాల ప్రాంతంలో. అదీ ఇళ్లకు కాదు, బస చేసే పడవలకు. అక్కడి పడవలు చిన్న చిన్న కార్ఖానాలవి. వేసవిలో లండన్ జనానికి ఇవ్వాలన్న కోరిక ఉన్నా, లండన్‌లో ప్రకటన వేసుకునే స్తోమత ఒక్కొక్కరికీ లేదు. 1908లో హ్యారీ బ్లేక్ వాళ్లందరి పడవలనూ ఒకే కేటలాగులోకి ఎక్కించి, బుకింగులు తాను తీసుకుని, కమీషన్ మీద నడిపే ఏజెన్సీ పెట్టాడు. 1944లో ఊల్టన్ బ్రాడ్ రేవు అధికారి హోసీజన్ ఇలాంటిదే ఇంకోటి మొదలుపెట్టాడు. అది క్రమంగా పడవల నుంచి సెలవు ఇళ్లకు పాకి బ్రిటన్‌లో ఇంటింటి పేరైంది. కేటలాగు తెచ్చిన మార్పు పెద్దది. అతిథి ఇప్పుడు ఇంటి సొంతదారును నమ్మి రావడం లేదు, కేటలాగు పేరును నమ్మి వస్తున్నాడు. కాబట్టి పరుపు చిరిగిందని ఫిర్యాదు వచ్చేది కూడా ఆ పేరుకే. ఇంటిని ముందే చూసి, బాగాలేకపోతే కేటలాగు నుంచి తీసేసే అధికారం అలా ఏజెన్సీ చేతికి వచ్చింది.

ఫ్రాన్సులో ఆ అధికారం సంఘాలకు దక్కింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పల్లెలు ఖాళీ అవుతుంటే, రైతు తన పాత కొట్టాన్ని బాగుచేసి నగరవాసులకు వారానికి అద్దెకిచ్చుకునేలా 1951లో ఆల్ప్స్ పాదాల దగ్గర గీత్ పథకం మొదలైంది, 1955 నాటికి జాతీయ సమాఖ్య అయింది. ఇళ్ల స్థాయికి గుర్తు నక్షత్రం కాదు, గోధుమ కంకి. స్విట్జర్లాండ్‌లో 1965లో పుట్టిన ఇంటర్‌హోమ్ మాత్రం పక్కా వ్యాపారమే, దేశదేశాల సెలవు ఇళ్లను ఒకే గొడుగు కిందికి తెచ్చింది.

అసలు మలుపు అమెరికాది. ఒక భవనంలోని ఒక్కో ఫ్లాటును విడివిడిగా అమ్మే కాండొమినియం చట్టాలు 1958లో ప్యూర్టోరికోలో, 1961లో హవాయిలో వచ్చాయి, ఆ దశాబ్దంలోనే దేశమంతా పరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే కొలరాడో కొండల్లో స్కీయింగ్ ఊళ్లు తెరుచుకుంటున్నాయి. బ్రెకెన్‌రిడ్జ్ 1961లో, వెయిల్ 1962లో. షికాగో డాక్టరో డల్లాస్ వకీలో అక్కడ ఒక ఫ్లాటు కొంటాడు, ఏడాదికి రెండు వారాలు వచ్చి ఉంటాడు. మిగతా యాభై వారాలు? బిల్డరే ఒక కంపెనీ పెట్టి, మీ ఫ్లాటు మేమే అద్దెకిచ్చి డబ్బు పంపుతాం అన్నాడు. అమ్మకాలు జోరందుకున్నాయి. అందరి అద్దెలూ ఒకే కుండలో పోసి ఫ్లాట్లవారీగా పంచే రెంటల్ పూల్ పద్ధతి వచ్చింది. మీ ఫ్లాటులో ఈ నెల ఎవరూ దిగకపోయినా వాటా వస్తుందన్నమాట.

ఇక్కడ అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెక్ అడ్డుపడింది. దాని చేతిలో 1946 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. ఫ్లోరిడాలో హోవీ అనే కంపెనీ బత్తాయి తోటలను చిన్న చిన్న పట్టీలుగా అమ్మేది. కొనేవాళ్లలో చాలామంది ఆ కంపెనీ రిసార్టుకు షికారుకొచ్చినవాళ్లు, కాయ కోయడం కూడా తెలియనివాళ్లు. భూమి వాళ్ల పేరుమీదే. సేద్యం, కోత, అమ్మకం మాత్రం పదేళ్ల ఒప్పందం మీద హోవీ వాళ్లదే. ఇది భూమి అమ్మకం కాదు, ఇతరుల శ్రమ మీద లాభం ఆశించి పెట్టిన పెట్టుబడి, కనుక షేర్ల లాంటి సెక్యూరిటీయే అని కోర్టు తేల్చింది. 1973 జనవరిలో సెక్ ఆ సూత్రాన్నే రిసార్టు ఫ్లాట్లకు తెచ్చింది. అద్దె లాభం చూపించి అమ్మినా, పూల్ పెట్టినా, ఫలానా మేనేజరుకే ఇవ్వాలని కొనుగోలుదారును కట్టేసినా అది సెక్యూరిటీ కిందికే వస్తుందని ప్రకటించింది.

తెలుగు ఇళ్లలో ఈ తర్కం పరాయిది కాదు. 1990లలో టేకు మొక్కలు కొనండి, పెంచేది మేము అంటూ తిరిగిన ప్లాంటేషన్ కంపెనీలకు డబ్బు కట్టినవారు ఊరికి పదిమంది ఉండేవారు. మొక్క కాగితం మీద సొంతదారుది, చెట్టు భవిష్యత్తు కంపెనీది. ఆ కంపెనీలు చాలావరకు మునిగాకే 1999లో సెబీ సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. నగర శివార్లలో విల్లా కొంటే నెలనెలా అద్దె గ్యారంటీ అనే బ్రోచర్లను చదివేటప్పుడు హోవీ బత్తాయిలనూ మన టేకు మొక్కలనూ ఒకసారి తలచుకోవడం మంచిది.

1973 ప్రకటన ఫలితంగా అమెరికాలో ఫ్లాటు అమ్మేవాడూ అద్దెకు నడిపేవాడూ విడిపోయారు. అమ్మకాల బృందం అద్దె మాట ఎత్తకూడదన్నది నియమమైంది. పూల్ స్థానంలో ఏ ఫ్లాటు లెక్క ఆ ఫ్లాటుకే ఉండే పుస్తకాలు వచ్చాయి. స్వతంత్ర నిర్వహణ కంపెనీలు అలా నిలదొక్కుకున్నాయి, 1985లో తమకంటూ ఒక వృత్తి సంఘం పెట్టుకున్నాయి.

అమెరికా పన్ను చట్టాలూ ఈ వృత్తిని ప్రభావితం చేశాయి. 1976 చట్టం ప్రకారం సొంతదారు ఏడాదికి 14 రోజులు, అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి మించి తానే ఉంటే ఖర్చుల మినహాయింపు కుదించుకుపోతుంది. 1986 సంస్కరణలోనూ దాని కింద వచ్చిన నిబంధనల్లోనూ ఇంకా విడ్డూరమైనది ఉంది. మామూలుగా అద్దె ఇంటి నష్టాన్ని జీతం ఆదాయంలోంచి తీసేయడానికి వీల్లేదు. కానీ అతిథుల సగటు బస ఏడు రోజులకు మించకపోతే అది అద్దె కాదు, వ్యాపారం. సొంతదారు స్వయంగా పనిచేస్తే నష్టం తీసేసుకోవచ్చు. స్వయంగా అంటే ఎంత? ఒక కొలమానం ప్రకారం ఏడాదికి 100 గంటలు దాటాలి, ఆ ఇంటిమీద ఇంకెవరూ అంతకన్నా ఎక్కువ గంటలు పనిచేసి ఉండకూడదు. అంటే పక్కబట్టలు మార్చే మనిషి గంటలతో సొంతదారు గంటలు పోటీపడాలి. మేనేజరుకు పూర్తిగా అప్పగిస్తే శ్రమ తగ్గుతుంది, పన్ను లాభం పోతుంది. ఎక్కువ జీతాలున్న ఉద్యోగులు, అక్కడి తెలుగువారితో సహా, ఇలాంటి ఇల్లు కొని తామే నడుపుకోవాలని చూడటానికి ఈ నిబంధన ఒక కారణం.

1995లో బ్రెకెన్‌రిడ్జ్‌లోనే ఒక సొంతదారు మేనేజరును పక్కకు నెట్టే దారి కనిపెట్టాడు. తన స్కీ ఫ్లాటును తానే అద్దెకిచ్చుకోవడానికి డేవిడ్ క్లౌస్ పెట్టిన వెబ్‌సైటు వీఆర్‌బీఓ. పేరులోనే సంగతి ఉంది, సొంతదారే ఇచ్చే సెలవు ఇల్లు అని. అప్పట్లో ఏడాదికి ఇంత అని చందా కడితే సరిపోయేది, అద్దెలో కమీషన్ ఉండేది కాదు. ఆస్టిన్‌లో 2005లో మొదలైన హోమ్‌అవే దాన్ని 2006లో కొనేసింది. 2015లో ఎక్స్‌పీడియా హోమ్‌అవేనే 390 కోట్ల డాలర్లకు కొంది. ఈలోగా 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేక ఇబ్బందిపడుతున్న బ్రయన్ చెస్కీ, జో గెబియా డిజైన్ సదస్సుకు వచ్చిన ముగ్గురికి గాలి పరుపులు వేసి రాత్రికి 80 డాలర్లు తీసుకున్నారు. నేథన్ బ్లెచార్జిక్ చేరాక 2008లో అది ఎయిర్‌బీఎన్‌బీ వ్యాపారమైంది. ఇదంతా బాగా తెలిసిన కథే. నిర్వహణ వృత్తి దృష్టితో చూస్తే అందులో ముఖ్యమైన ఏడాది 2011. ఒక అతిథి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఇంటిని ధ్వంసం చేసి దోచుకుపోయాడు. జవాబుదారీ ఎవరన్న పాత తగాదా మళ్లీ లేచింది. కంపెనీ మొదట 50 వేల డాలర్ల వరకు, మరుసటి ఏడాది పది లక్షల డాలర్ల వరకు నష్టపరిహారం హామీ ఇవ్వాల్సి వచ్చింది.

ఇల్లు అద్దెకివ్వడం ఎవరైనా చేయగలిగే పనైంది గాని, ఇల్లు సిద్ధం చేయడం మాత్రం యాప్‌లోకి ఎక్కలేదు. ఉదయం 11కు ఒకరు ఖాళీ చేస్తారు, సాయంత్రం 4కు ఇంకొకరు దిగుతారు. మధ్యలో ఉన్నవి ఐదు గంటలు. పక్కబట్టలు తీయాలి, అవి ఆరేదాకా ఆగలేరు కనుక ప్రతి మంచానికీ మూడేసి జతలు ఉండాలి. స్నానాలగది జాలీలో జుట్టు తీయాలి, ఫ్రిజ్‌లో మిగిలిన కూర పారేయాలి, టీవీ రిమోట్ సోఫా సందులోంచి వెతికి తీయాలి, గ్యాసు సిలిండరు కదిపి చూడాలి, తాళం కోడు మార్చాలి. గోడమీద కొత్త మరక కనిపిస్తే ఫొటో తీసి పంపాలి, లేకపోతే అది ఏ అతిథి పనో తర్వాత తేలదు. ఇల్లాళ్ల కాలంలో బ్లాక్‌పూల్‌లో ఈ మార్పిడి వారానికి ఒక్కసారి, శనివారం జరిగేది. యాప్‌లు ఒక్క రాత్రి బసను మామూలు చేశాక వారానికి మూడు నాలుగు సార్లు చేయాల్సి వచ్చింది. తోసేసిన మేనేజరు అందుకే మళ్లీ లోపలికి వచ్చాడు.

ఈసారి వచ్చినవారు రెండు రకాలు. మొదటి రకం పాతదే, సొంతదారు ఇంటిని కమీషన్ మీద నడిపేవాళ్లు. పూర్తి సేవకు అద్దెలో 20 నుంచి 35 శాతం దాకా తీసుకోవడం సాధారణం. పోర్ట్‌లాండ్‌లో 2009లో మొదలైన వకాసా ఈ పనిని దేశవ్యాప్త కంపెనీగా చేయబోయింది. ఊరూరా చిన్న నిర్వహణ కంపెనీలను కొంటూ పోయింది, 2019లో విండమ్ సెలవు ఇళ్ల విభాగాన్నీ కొంది, 2021 డిసెంబరులో సుమారు 450 కోట్ల డాలర్ల విలువతో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అయితే కొన్న చిన్న కంపెనీలతో పాటు వచ్చింది ఒప్పందాలే. సొంతదారు నమ్మింది ఆ ఊళ్లో ముఖం తెలిసిన మేనేజరును. అతను పోయి కాల్ సెంటరు వచ్చేసరికి సొంతదారులు జారిపోవడం మొదలైంది. 2025లో కాసాగో అనే కంపెనీ వకాసాను వాటాకు 5.30 డాలర్ల చొప్పున కొనేసింది. అంతకుముందే ఇరవై పాత వాటాలను కలిపి ఒకటి చేసి ఉన్నారు కనుక, అసలు పతనం ఆ ధరలో కనిపించే దానికన్నా చాలా ఎక్కువ. కొన్న కాసాగో ఫ్రాంచైజీ పద్ధతిది, ఒక్కో ఊరును ఆ ఊరివాడికే అప్పగిస్తుంది.

రెండో రకం కమీషన్ ఊసెత్తదు. ఇంటిని ఏళ్ల తరబడి లీజుకు తీసుకుని రోజువారీగా తిప్పుతుంది. ఇది చూడటానికి ఎంత తేలికో లెక్క వేస్తే తెలుస్తుంది. నెలకు 40 వేలకు తీసుకున్న ఫ్లాటును రాత్రికి 2,500కు ఇస్తే 16 రాత్రులకే అద్దె వచ్చేస్తుంది, మిగతాది లాభం అనిపిస్తుంది. బుకింగ్ వేదిక కోత 15 శాతం తీస్తే చేతికి 2,125, అప్పుడు 19 రాత్రులు కావాలి. శుభ్రం, కరెంటు, ఇంటర్నెట్, విరిగినవి కలిపితే ఇరవై రెండో ఇరవై మూడో. నిండిన నెల లాభం కొంచెమే, ఖాళీ నెల నష్టం మాత్రం మొత్తం అద్దె. సొంతదారుకు మంచి నెలా చెడ్డ నెలా ఒకటే, ఒడిదుడుకులన్నీ మధ్యవాడి నెత్తిన. కమీషన్ మేనేజరు భయపడే ఖాళీ గదికీ లీజు మేనేజరు భయపడే ఖాళీ గదికీ తేడా అదే.

మాంట్రియల్‌లో 2012లో వేసవి సెలవులకు ఖాళీ అయ్యే విద్యార్థుల గదులను తిప్పడంతో మొదలై, తర్వాత సోండర్‌గా పేరు మార్చుకున్న కంపెనీ ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లింది. నగరాల్లో భవనాలకు భవనాలే లీజుకు తీసుకుంది. 2020 కోవిడ్‌లో ఇలాంటి లీజు కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, సోండర్ తట్టుకుని 2022లో స్టాక్ మార్కెట్‌కెక్కింది, 2024లో మారియట్‌తో ఒప్పందం చేసుకుంది. 2025 నవంబరులో మారియట్ ఆ ఒప్పందాన్ని రద్దుచేసిన మరునాడే సోండర్ దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది. బసలో ఉన్న అతిథులను ఉన్నపళంగా ఖాళీ చేయమన్నారు.

నగరాలు ఈ వ్యాపారం మీద పెట్టిన ఆంక్షలకు కారణం కలరా కాదు, నెల అద్దెకు ఇళ్లు దొరకకపోవడం. న్యూయార్క్ రాష్ట్రం 2010లో, ఎక్కువ కుటుంబాలుండే భవనాల్లో నివాసి లేకుండా 30 రోజులలోపు అద్దెకివ్వడాన్ని నిషేధించింది. అమలు అంతంతమాత్రమే. నగరం 2023 సెప్టెంబరులో నమోదు లేనివారి బుకింగులను వేదికలే ఆపేయాలన్నాక అసలు దెబ్బ తగిలింది. ఇంటివాడు ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు అనేసరికి అక్కడ మేనేజరుకు పనే లేకుండా పోయింది. బార్సిలోనా మేయర్ 2024లో నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరు నాటికి ముగిసేలా చేస్తామన్నాడు.

జపాన్ తీరు వేరు. 2018 జూన్‌లో అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం ఇంటిని ఏడాదికి 180 రోజులే ఇవ్వనిస్తుంది. నమోదు లేని ఇళ్లను తీసేయాల్సి రావడంతో ఎయిర్‌బీఎన్‌బీ జాబితాలో ఐదింట నాలుగు వంతులు ఒక్కసారిగా మాయమయ్యాయి. కానీ అదే చట్టం, సొంతదారు అక్కడ లేకపోతే ప్రభుత్వం దగ్గర నమోదైన నిర్వాహకుడికి ఇంటిని అప్పగించి తీరాలని కూడా చెప్పింది. అతిథుల జాబితా, శుభ్రత, ఇరుగుపొరుగు ఫిర్యాదులకు జవాబు అతని బాధ్యత. న్యూయార్క్ తుడిచిపెట్టిన వృత్తిని జపాన్ చట్టంలో పెట్టి గుర్తించింది. 1867 సరాయిల చట్టం చూపిన దారికి ఇదే దగ్గర.

భారత ప్రభుత్వ పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం న్యూయార్క్ వైపే మొగ్గింది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వవచ్చు, సొంతదారు కుటుంబం ఆ ఇంట్లో కాపురం ఉండాలి. కొడగు, కేరళ హోంస్టేల వంటివి ఈ చట్రంలో ఇమిడిపోతాయి. గోవాలో ఢిల్లీ వ్యాపారి కొని స్థానిక కంపెనీకి అప్పగించిన విల్లా ఇమడదు. గోవాకు 1982 నుంచే పర్యాటక వ్యాపారాల నమోదు చట్టం విడిగా ఉంది. ఇక 2013లో పుట్టిన ఓయో మొదట చిన్న హోటళ్లకు కనీస రాబడి హామీ ఇస్తూ విస్తరించి, 2019లో యూరప్‌లో సెలవు ఇళ్లు నడిపే బెల్‌విల్లా మాతృసంస్థను కొనేసింది. డచ్ కుటుంబం వేసవి ఇంటి తాళంచెవి అలా గురుగ్రామ్ కంపెనీ చేతికి వచ్చింది.

హైదరాబాద్‌లో ఈ వ్యాపారం పర్యాటకుల మీద కన్నా పనిమీద వచ్చేవారి మీద నిలిచింది. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో సర్వీస్ అపార్ట్‌మెంటు తీసుకునేది ప్రాజెక్టు మీద వచ్చిన ఉద్యోగి, ఆపరేషనుకు వచ్చిన రోగి తాలూకు మనుషులు, 2023లో అమెరికా కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకు మారాక వీసా ఇంటర్వ్యూకు వచ్చే విద్యార్థి. వంటిల్లు ఉండాలన్నది వీళ్లందరి కోరిక, హోటల్ ఇవ్వలేనిదీ అదే. అరకులో చలికాలపు వారాంతాలదే రద్దీ, మిగతా రోజుల్లో గదులు ఖాళీ, పూరీ లెక్కకు దగ్గర.

కొత్తగా ఈ వ్యాపారంలో దిగేవారికి చట్టం ఒక్కచోట దొరకదు. రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం జీఎస్‌టీ. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లోగా అధికారులకు తెలపాలన్న నిబంధన హోటళ్లతో పాటు ఇళ్లకూ ఉంది, వాడుకలో దాన్ని ఫారం సి అంటారు. ఇవి రెండూ పాటించినా అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ అతిథిని లోపలికి పోనివ్వడు. సొంతదారుతో రాసుకునే కాగితంలో కమీషన్ శాతం, సొంతదారు తనకోసం అట్టిపెట్టుకునే రోజులు, మరమ్మతుకు ఎంతవరకు అడగకుండా ఖర్చుపెట్టవచ్చు, అతిథి చేసిన నష్టం ఎవరు భరించాలి అన్నవి ముందే తేల్చుకుంటారు. ఇంకా తేలకుండా ఉన్నది పోలీసులో మున్సిపాలిటీయో వస్తే సమాధానం చెప్పాల్సింది సొంతదారా, నిర్వాహకుడా అన్నది. జపాన్ లాగా నిర్వాహకుడిని విడిగా నమోదు చేసే చట్టం దేశంలో లేదు కనుక, అది ప్రస్తుతానికి ఆ ఇద్దరి మధ్య కాగితంలో రాసుకున్నదాన్ని బట్టే ఉంది.